ఫాల్గుణంలో కూరగాయల తోటలు: చేవెళ్ల, వికారాబాద్, ఏనబావి యాత్రానుభవాలు

హైదరాబాదు చుట్టుపక్కల సేంద్రియ తోటల్లో బస చేయాలనుకునేవారు సాధారణంగా డిసెంబరు, జనవరి నెలలను ఎంచుకుంటారు. అప్పుడు చలి హాయిగా ఉంటుంది, క్యాబేజీ, క్యారెట్ మళ్లు నిండుగా కనిపిస్తాయి, పొగమంచులో ఫొటోలు బాగా వస్తాయి. ఒక తోట నిజంగా ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే మాత్రం హోలీకీ ఉగాదికీ నడుమ వెళ్లాలని నా అభిప్రాయం. శీతకాలపు పంటలు చివరి కోతకు వచ్చి, వేసవి పాదులు అప్పుడప్పుడే తీగ సాగే రోజులవి. బోరులో నీరు తగ్గడం మొదలవుతుంది, ఎండ ముదిరేకొద్దీ తెల్లదోమ, తామరపురుగు వంటి రసం పీల్చే పురుగులు విజృంభిస్తాయి. మందు కొట్టకుండా పంటను కాపాడుకోగల రైతు ఎవరో, గేటుకు బోర్డు తగిలించుకున్న యజమాని ఎవరో ఈ రోజుల్లోనే తేలిపోతుంది.

నేను చూసిన తోటల్లో రెండు బీజాపూర్ రోడ్డు మీదుగా వెళ్లేవి. మెహిదీపట్నం నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా సాగే ఈ దారికి రెండు వైపులా వందల సంఖ్యలో పాత మర్రిచెట్లున్నాయి. వాటిని కాపాడుకోవడానికి ప్రకృతి ప్రేమికులు ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. నగరానికి ఇంత దగ్గరలో ఇంకా సాగుభూమి మిగలడానికి ఒక కారణం ఉంది: ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111వ నంబరు జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. అయినా లేచిన ఫామ్‌హౌసులకు లెక్క లేదన్నది వేరే సంగతి. మన్నెగూడ దాటి వికారాబాద్ వైపు తిరిగాక రోడ్డు పక్కన మోదుగులు కనిపిస్తాయి. ఈ నెలలో వాటికి ఒక్క ఆకు లేకుండా కాషాయ రంగు పూలే ఉంటాయి కనుక, అనంతగిరి అడవిలోకి అడుగుపెట్టకపోయినా, ఈ ప్రయాణం వృథా పోదు.

మొదట దిగింది ప్రధాన రహదారికి దగ్గరగా, చేవెళ్ల దాటాక ఉన్న ఒక పెద్ద బసలో. గదులు శుభ్రంగా ఉన్నాయి, ఏసీ పనిచేసింది, ఈతకొలను ఉంది, సిబ్బంది మర్యాదగా మాట్లాడారు. పిల్లలతో వెళ్లి ఒక పూట కాలక్షేపం చేయాలనుకునేవారికి తప్పుపట్టవలసిన విషయాలు తక్కువే. అయితే ఆ బసకు పెట్టుకున్న పేరు తోటది, వసూలు చేసిన అద్దె తోట అనుభవానిది. భోజనంలో వడ్డించినవి గోబీ కూర, బఠాణీ పులావు, క్యాప్సికం వేపుడు. తోటలో నాకు చూపించిన నాలుగు మళ్లలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. మార్చి చివరి వారంలో చేవెళ్ల ఎండలో బఠాణీ కాయదని వంటవాడికి తెలిసే ఉంటుంది. అడిగితే నవ్వి, మార్కెట్టు నుంచి తెచ్చినట్టు నిజాయితీగానే చెప్పాడు. "తోట పని అనుభవం" అని కార్యక్రమాల జాబితాలో రాసిన గంటసేపటిలో అతిథులకు ఒక్కో చిన్న కుండీ, ఒక్కో టమాట మొక్క ఇచ్చి నాటించారు. ఇద్దరికి ఒక రాత్రికి తీసుకున్న డబ్బుతో పోలిస్తే ఇది నాకు సంతృప్తినివ్వలేదు.

వికారాబాద్ నుంచి తాండూరు వైపు లోపలికి వెళ్లే ఒక పల్లె దారిలో ఉన్న రెండో తోట దీనికి పూర్తిగా భిన్నమైనది. ఒక రైతు కుటుంబం కూరగాయలు పండించి, వారానికి రెండుసార్లు నగరంలోని ఇళ్లకు నేరుగా పంపి బతుకుతోంది. అతిథులను తీసుకోవడం వారికి పక్క ఆదాయం మాత్రమే. ఇచ్చిన గది మామూలు పెంకుటిల్లు. కింద పరిచినవి తాండూరు నాపరాళ్లు కావడంతో మధ్యాహ్నం చెప్పులు విప్పి నడిస్తే అరికాళ్లకు చల్లగా తగులుతుంది. ఏసీ లేదు, ఫ్యాను, దోమతెర ఉన్నాయి. స్నానాల గది బయట, పది అడుగుల దూరంలో ఉంది. వేడినీళ్లు కావాలంటే కట్టెల పొయ్యి మీద కాచి ఇస్తారు. పెద్దవయసు వారికి, రాత్రి లేవవలసిన అవసరం ఉన్నవారికి ఇది ఇబ్బందే కనుక ముందుగా తెలుసుకుని వెళ్లడం మంచిది. అద్దె మొదటి బసలో తీసుకున్నదానిలో సగం కంటే తక్కువ, భోజనం అందులోనే కలిసి ఉంటుంది.

ఇక్కడ రోజు తెల్లవారకముందే మొదలవుతుంది, అతిథిని ఎవరూ లేపరు గానీ చప్పుడుకు మెలకువ రాకుండా ఉండదు. ఫాల్గుణంలో ఈ తోటకు ముఖ్యమైన పంట బెండ. పూసిన నాలుగైదు రోజులకే కాయ కోతకు వస్తుంది, రోజు విడిచి రోజు కోయకపోతే పీచు పట్టిపోతుంది. కాయల మీది నూగుకు చేతులు దురద పెడతాయని కోసేవాళ్లు పాత సాక్సులను వేళ్ల దగ్గర కత్తిరించి చేతులకు తొడుక్కుంటారు, నాకూ ఒక జత ఇచ్చారు. ఏది కోయాలో తెలియక నిలబడితే ఇంటావిడ ఒక కాయను తీసి, "తమ్మీ, కొనను వేలితోని వంచి సూడు, టప్పున విరిగితె లేతది, వంగిందంటె ముదిరినట్టె" అని చూపించి, ఆ కాయను గంపలో వేయకుండా తన కొంగున కట్టుకుంది. కొన విరిచిన కాయ కొనేవాడికి పోదు, ఇంటి కూరకు పోతుంది. సూర్యుడు చెట్ల పైకి వచ్చే సరికి కోత ముగించి, గంపలను తడి గోనెపట్టాల కింద నీడలో పెట్టారు.

బెండ సాలులో అక్కడక్కడ ఈనెలు పసుపు రంగుకు తిరిగిన మొక్కలు కనిపించాయి. ఈ రోగాన్ని రైతులు శంఖు రోగం అంటారు, తెల్లదోమ ద్వారా వ్యాపిస్తుంది, పట్టిన మొక్కకు కాసే కాయలు కూడా పాలిపోతాయి. దానికి మందు లేదు కాబట్టి ఆ మొక్కలను పీకి, సంచిలో కుక్కి, తోటకు దూరంగా తగలబెడుతున్నారు. మొక్కను పీకేటప్పుడు ఊపితే దోమలు ఎగిరి పక్క సాలుకు పోతాయన్న జాగ్రత్తతో, మంచు తడి ఆరకముందే, దోమ రెక్క విప్పలేని వేళలో, ఆ పని చేశారు. తోట చుట్టూ గాలి వచ్చే వైపున మూడు వరుసల మక్క వేశారు, అది దోమకు అడ్డుగోడ. మళ్ల మధ్య కట్టెలకు ఆముదం పూసిన పసుపు రంగు రేకులు వేలాడదీశారు. ఒక రేకు దగ్గర వంగి చూస్తే, నల్లటి నువ్వులు చల్లినట్టు పురుగులు అంటుకుని ఉన్నాయి.

టమాటలో పదహారు సాళ్లకు ఒక సాలు చొప్పున బంతి ఉంది. కాయతొలుచు పురుగు తల్లి రెక్కపురుగు టమాట కంటే బంతి పువ్వు మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది, అందుకే బంతిని టమాట కంటే ముందుగా పెంచి, రెండూ ఒకేసారి పూసేటట్లు చూస్తారు. ఆ బంతి పూలను మాత్రం గుడికి కోయనివ్వరు. టమాట ధర ఎప్పటిలాగే మార్చిలో పడిపోయి ఉంది, పండిన కాయలను కోసే కూలి కూడా రాదని వారు పక్క మడిని అలాగే వదిలేశారు. ఈ దృశ్యాన్ని మొదటి బస వారైతే అతిథి కంటపడనిచ్చేవారు కాదేమో.

మధ్యాహ్నం తర్వాత పని జీవామృతం డ్రమ్ము దగ్గర. రసాయన ఎరువుకు బదులు నేలకు ఇచ్చే ద్రవమిది. రెండు వందల లీటర్ల నీటిలో పది కిలోల ఆవు పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, రసాయనం తగలని గట్టు మట్టి గుప్పెడు కలిపి, గోనెపట్టా కప్పి నీడలో 48 గంటలు ఉంచుతారు. 2016లో పద్మశ్రీ అందుకున్న ప్రకృతి వ్యవసాయవేత్త సుభాష్ పాలేకర్ ప్రచారం వల్ల ఈ పద్ధతి తెలుగు రాష్ట్రాల రైతులందరికీ పరిచయమైంది. పూటపూటకూ కర్రతో ఒకే వైపు తిప్పాలి, నేనూ తిప్పాను, పది నిమిషాలకే భుజం పట్టేసింది. దీన్ని గుడ్డతో రెండుసార్లు వడకట్టకుండా డ్రిప్పులోకి వదిలితే రంధ్రాలు మూసుకుపోతాయి. అందుకే వాళ్ల సాయంత్రాల్లో సగం పైపుల కొనలు విప్పి కడగడానికే సరిపోతాయి. గదికి ఇరవై గజాల్లోపే డ్రమ్ములు ఉండడం వల్ల వాసన వస్తుంది, దాన్ని ఓర్చుకోలేనివారు ఈ బసకు వెళ్లకూడదు.

తిండి విషయంలో ఈ తోటకు నేను పూర్తి మార్కులు వేస్తాను. జొన్నరొట్టె, లేత బెండ వేపుడు, పుంటికూర పప్పు, గోకరకాయ కూర, మామిడి పిందెల పచ్చడి వడ్డించారు. పప్పు 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందులది, త్వరగా ఉడికి, కమ్మగా ఉంటుంది. మూడు పూటలా అవే కూరలు తిరగడం కొందరికి విసుగు పుట్టించవచ్చు, కానీ ఈ రోజుల్లో ఈ నేల ఇచ్చేది అంతే, దాన్ని దాచిపెట్టకపోవడమే నాకు నచ్చింది. రాత్రి పూట చాయ్ అడిగితే పాలు లేవని చెప్పారు, ఉదయం పాలు వచ్చాకే ఇచ్చారు. సెల్‌ఫోన్ సిగ్నల్ బావి గట్టు మీద తప్ప ఎక్కడా నిలకడగా అందలేదు, చెల్లింపులకు కొంత నగదు దగ్గర ఉంచుకోవాలి.

జనగామ జిల్లా లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఏనబావి ఈ రెంటికీ చెందని మూడో రకం. రసాయన ఎరువులు, పురుగుమందులు వాడబోమని 2006లో ఊరు ఊరంతా ప్రకటించుకున్న చిన్న పల్లె ఇది. సుస్థిర వ్యవసాయ కేంద్రం వంటి సంస్థలు దీని వెనుక నిలిచాయి. దూరదూరాల నుంచి రైతులు, అధికారులు, విద్యార్థులు వచ్చి చూసిపోయారు కాబట్టి ఊరివారికి సందర్శకులు కొత్త కాదు. అయితే ఇక్కడ బస లేదు, హోటల్ లేదు, ప్రవేశ రుసుము లేదు, అందువల్ల "ఏం చూపిస్తారు?" అన్న ప్రశ్నకు సమాధానం కూడా లేదు. ముందుగా ఎవరినైనా పలకరించి, వారికి తీరిక ఉన్న వేళ చూసుకుని వెళ్లాలి. ఫాల్గుణంలో యాసంగి వరి పొట్టదశకు వస్తుంది, కూరగాయల మళ్లు బావుల దగ్గరే ఉంటాయి, రైతులు ఉదయం పదిన్నర దాకా పొలంలో, ఆ తర్వాత నీడలో ఉంటారు. ఆ నీడలో కూర్చున్న గంటే నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు వెళ్లే రైళ్లు కొన్ని జనగామలో ఆగుతాయి కనుక ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. దారిలో ఆలేరు దగ్గరి కొలనుపాక జైన మందిరాన్ని, జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి పనివారిని చూడవచ్చు. కారులో వెళ్తే ఈ రెండూ ఒకే రోజులో కుదురుతాయి, రైలులో వెళ్తే ఒకటి వదులుకోవాలి.

బస బుక్ చేసేటప్పుడు సేంద్రియ సర్టిఫికెట్ ఉందా అని అడగడం అలవాటైపోయింది, దానికి వచ్చే సమాధానాన్ని జాగ్రత్తగా వినాలి. పీజీఎస్-ఇండియా అనే ధ్రువీకరణ పద్ధతిలో రైతులే గుంపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. అందులో "గ్రీన్" అంటే రసాయనాల నుంచి మారుతున్న దశ, "ఆర్గానిక్" అంటే మార్పు పూర్తయిన దశ. ఎగుమతులకు పనికొచ్చే ఎన్‌పీఓపీ (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం)లో బయటి సంస్థ వచ్చి తనిఖీ చేస్తుంది, ఖర్చు ఎక్కువ. నేను మెచ్చుకున్న రెండో తోట ఇంకా "గ్రీన్" దశలోనే ఉంది, ఆ మాట వారే ముందుగా చెప్పారు. కాగితం కంటే నేను ఎక్కువగా నమ్మేది మరో ప్రశ్న: మీ తోట కూరగాయలు మీరు కాక ఎవరు కొంటున్నారు? క్రమం తప్పకుండా కొనేవారు ఉన్న తోటలో అతిథి వచ్చినా రాకపోయినా పని ఆగదు, మనం చూసేది ఆ పనినే. అలా కొనేవారు లేని చోట మనకోసమే నాటిన కుండీలు కనిపిస్తాయి.

వెళ్లేవారు ఉదయం పొలంలోకి పొడుగు చేతుల నూలు చొక్కా వేసుకోవాలి, పదకొండు తర్వాత ఎండలో తిరిగే పని పెట్టుకోకూడదు. వికారాబాద్ జంక్షన్ నుంచి పల్లెల్లోకి ఆటోలు ఉదయం బాగానే దొరుకుతాయి, సాయంత్రం అయిదు దాటాక బేరం కుదరడం కష్టం. తిరిగి వచ్చేటప్పుడు కూరగాయలు కొనాలనుకుంటే ముందురోజు రాత్రే చెప్పి ఉంచాలి, తెల్లవారుజామున కోసినవన్నీ ఏడు గంటల బండికి నగరానికి వెళ్లిపోతాయి. ఆదివారం సాయంత్రం లింగంపల్లి వైపు వచ్చే రైళ్లలో సంచీ పెట్టుకునే చోటు కూడా ఉండదు, వీలైతే సోమవారం ఉదయం బయలుదేరండి.