యూఎఫ్‌ఓ 50: పూర్తికాని ఆటల జాబితాకు మరో యాభై

కొని, ఒకటి రెండుసార్లు తెరిచి, పక్కన పెట్టేసిన వీడియో ఆటల జాబితా చేంతాడంత పెరిగిపోయిన వారికి ఏకంగా 50 ఆటలున్న సంకలనాన్ని సిఫారసు చేయడం సబబుగా కనిపించదు. అయినా మాస్‌మౌత్ సంస్థ 2024 సెప్టెంబరు 18న కంప్యూటర్లకూ, 2025 ఆగస్టులో నింటెండో కంపెనీ ఆటల యంత్రమైన స్విచ్‌కూ విడుదల చేసిన ‘యూఎఫ్‌ఓ 50’ను నేను ముందుగా సూచించేది అలాంటి వారికే. బ్యాక్‌లాగ్ అని మనం పిలుచుకునే ఆ బరువులో ఆటల సంఖ్య పాత్ర కొంతే. తెరిచిన ప్రతి ఆటనూ చివరిదాకా చూసి తీరాలన్న పట్టుదలదే పెద్ద పాత్ర. ఆ పట్టుదలను సడలించే ఏర్పాటు ఈ సంకలనం కట్టుబడిలోనే ఉంది. అది అన్నిచోట్లా సాఫీగా పనిచేస్తుందని చెప్పలేను కాని, ఇంత తెలివైన ఏర్పాటు ఇటీవలి ఇండీ ఆటల్లో (చిన్న బృందాలు స్వతంత్రంగా చేసేవాటిలో) నాకు మరెక్కడా కనిపించలేదు.

దీని వెనుక ఒక కల్పన ఉంది. 1980ల్లో యూఎఫ్‌ఓ సాఫ్ట్ అనే కంపెనీ ఒకటి ఉండేదట, అది తన సొంత యంత్రం కోసం ఆ దశాబ్దమంతా చేసిన ఆటలు చాలాకాలం మరుగునపడి ఇప్పుడు దొరికాయట. వాస్తవంలో అలాంటి కంపెనీ ఏదీ లేదు. ‘స్పెలంకీ’ ఆట సృష్టికర్త డెరెక్ యూ, 2015లో ‘డౌన్‌వెల్’ ఆట చేసిన ఓజిరో ఫుమోటో, జాన్ పెర్రీ, పాల్ హ్యూబన్స్, టైరిక్ ప్లమర్, సంగీతకారుడు ఐరిక్ సూర్కె కలిసి ఈ ఆటలన్నిటినీ కొత్తగా తయారు చేశారు. 2017లో ప్రకటించిన ఈ పని పూర్తి కావడానికి ఏడేళ్లు పట్టింది. ఆటలన్నీ 32 రంగుల పరిధిలోనే గీసినవి; దిశలు చూపే మీటలకు తోడు రెండే రెండు బటన్లతో అన్నిటినీ ఆడవచ్చు. ఈ కట్టుబాట్లను చివరి ఆట వరకూ నిజాయితీగా పాటించడం వల్లనే, ఒకే కంపెనీ ఏళ్ల తరబడి నేర్చుకుంటూ ఎదిగిందన్న భ్రమ నిలబడింది.

ఒకే కార్ట్రిడ్జ్‌లో (ఆటను నింపి యంత్రానికి తగిలించే బిళ్లలో) కుప్పతెప్పలుగా ఆటలన్న మాట వినగానే పాత ఆటల అభిమానులకు అనుమానం రావడం సహజమే. పెట్టె మీద వందల సంఖ్య అచ్చువేసి, లోపల పట్టుమని పది ఆటలనే పేర్లు మార్చి తిప్పితిప్పి చూపించిన కార్ట్రిడ్జ్‌లు ఒకప్పుడు కొల్లలుగా ఉండేవి. నింటెండో అనుమతి లేకుండా 1991లో వచ్చిన ‘యాక్షన్ 52’ నిజంగానే 52 వేర్వేరు ఆటలిచ్చింది కాని, వాటిలో కొన్ని సరిగా తెరుచుకోకపోవడం, మరికొన్ని నడిమధ్యలో ఆగిపోవడం వల్ల నాసిరకానికి మారుపేరుగా మిగిలిపోయింది. యూఎఫ్‌ఓ 50 అందుకు పూర్తిగా భిన్నమైనది. ఇందులో పావుభాగం ఆటలను విడివిడిగా అమ్మినా మంచి ఇండీ ఆటలుగా పేరు తెచ్చుకునేవే. 2022లో వచ్చిన, అటారీ కంపెనీ పాత ఆటల సంకలనమైన ‘అటారీ 50’తో పోలిక మరింత ఆసక్తికరంగా ఉంటుంది: అది నిజమైన చరిత్రను పత్రాలతో, ఇంటర్వ్యూలతో సహా ముందుంచుతుంది, ఇది లేని చరిత్రను ఆటల ద్వారానే ఊహించుకోమంటుంది. మొదటిది చదివి తెలుసుకోవడానికి చాలా బాగుంటుంది. ఆడటానికైతే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను.

పాత ఆటలను పోగుచేసే అలవాటుకు డిస్కౌంట్ అమ్మకాలు మాత్రమే కారణం కాదు. 2023 మార్చి 27న నింటెండో తన త్రీడీఎస్, వీ యూ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాన్ని మూసివేసినప్పుడు, అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని అదే ఏడాది వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చినప్పుడు, ఇప్పుడు కొనకపోతే మళ్లీ దొరకదన్న భయం కలగడంలో అసహజమేమీ లేదు. ఆ భయంతో కొన్న ఆటలు ఆడటానికి కాక దాచుకోవడానికి ఉన్నవిగా మారిపోతాయి. తీరా తెరిచినప్పుడు కూడా, ఎప్పుడు కావాలంటే అప్పుడు సేవ్ చేసుకునే, కాలాన్ని వెనక్కి తిప్పుకునే సౌకర్యాలు చేతికందుబాటులో ఉండటంతో, ఆ ఆట ఏ ఒత్తిడిని ఆధారంగా చేసుకుని రూపొందిందో ఆ ఒత్తిడే మనకు తగలకుండా పోతుంది. జాబితాలో ఒక పేరు కొట్టివేస్తాం కాని, ఆట ఆడినట్లు ఉండదు.

యూఎఫ్‌ఓ 50లో అలాంటి సౌకర్యాలు లేవు. వాటికి బదులుగా ఉన్నది మూడు అంచెల గుర్తింపు. ప్రతి ఆటలోనూ కొంతదూరం వెళితే నెరవేరే ఒక చిన్న లక్ష్యం ఉంటుంది. అది సాధిస్తే మెనూలోని తోటకు ఒక కానుక చేరుతుంది. ఆటను ముగిస్తే దాని బొమ్మ బంగారు రంగులోకి మారుతుంది. అంతకన్నా కఠినమైన మరో షరతును కూడా నెరవేర్చిన వారికి చెర్రీ దక్కుతుంది. ఇదంతా మామూలు ట్రోఫీల పద్ధతిలాగే కనిపించినా, మొదటి అంచెను నిర్ణయించిన తీరులో అసలు నేర్పు ఉంది. కానుక అందేసరికి ఆ ఆట స్వభావమేమిటో, మనకు సరిపడుతుందో లేదో దాదాపుగా తెలిసిపోతుంది. అక్కడ ఆపేస్తే వదిలేసినట్లు కాదు, ఒక దశ పూర్తయినట్లే. ఇంకా తెరవని ఆటల మీద దుమ్ము పేరుకున్నట్లు చూపించడం కూడా బాగుంది. మన జాబితాలను ఎరిగినవారే చేయగలిగిన చమత్కారమది.

ఆటలు కాలక్రమంలో పేర్చి ఉంటాయి, మొదటి నుంచే అన్నీ తెరిచి ఉంటాయి. వరుసగా ఆడాలని కూర్చునేవారికి మొట్టమొదట ఎదురయ్యేది ‘బార్బూటా’. నేపథ్య సంగీతం లేదు, నడక నత్తనడక, ఏం చేయాలో చెప్పేవారు లేరు, తెలియక వేసిన అడుగుకు ప్రాణం పోతుంది. సంకలనం కొన్నవారిలో కొందరు ఇక్కడే విసుగెత్తి మూసేసి ఉంటారనడంలో నాకు సందేహం లేదు. కాని కాగితం మీద గదుల పటం గీసుకుంటూ, ఏ గోడ నిజమో ఏ గోడ బూటకమో పరీక్షిస్తూ ఓపిగ్గా తిరిగేవారికి, ఇంటర్నెట్‌లో పరిష్కారాలు దొరకని రోజుల్లో ఒక ఆట ఎంత పెద్దదిగా తోచేదో ఇది స్పష్టంగా చూపిస్తుంది. దీన్ని మొదట పెట్టడం కల్పనకు న్యాయమే, కొనుగోలుదారుకు మాత్రం కాదు. కొత్తవారు దీనిని ఒక పది ఆటల తర్వాత తెరవడం మంచిది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది ‘మోర్టోల్’. చూడటానికి మామూలు ప్లాట్‌ఫార్మర్, అంటే దూకుతూ ఎక్కుతూ సాగే ఆట. నియమం మాత్రం తలకిందులు. ఇందులో ప్రాణాలు కాపాడుకోవడానికి కాదు, ఖర్చు పెట్టడానికి ఇచ్చినవి. 20 ప్రాణాలతో మొదలుపెట్టి, ఒక సైనికుణ్ణి బాణంలా దూసుకుపోనిచ్చి గోడకు గుచ్చి మెట్టుగా వాడుకోవాలి, మరొకణ్ణి రాయిగా మార్చాలి, ఇంకొకణ్ణి పేల్చి దారి చేసుకోవాలి. ఒక లెవెల్ ముగిసేటప్పటికి మిగిలిన ప్రాణాలే తర్వాతి లెవెల్‌కు పెట్టుబడి. అందువల్ల తర్వాతి లెవెల్‌లో చేతకాక ఓడిపోయినప్పుడు, వెనక్కి వెళ్లి పాత లెవెల్‌లో దుబారాను తగ్గించుకోవాలన్న ఆలోచన దానంతటదే వస్తుంది. ప్రాణాల లెక్క అనే పాత ఆటల మూస పద్ధతిని తీసుకుని, దాన్నే ఆటకు గుండెకాయగా మార్చిన ఈ ఊహ 1980ల్లో ఎవరికైనా తట్టి ఉండవచ్చు, తట్టలేదు, అంతే. దీని రెండో భాగం ‘మోర్టోల్ 2’ అదే సూత్రాన్ని ఒకే పెద్ద పటం మీదికి విస్తరించింది. నైపుణ్యంలో అది తక్కువ కాకపోయినా, మొదటిదానిలోని బిగువు అందులో లేదు.

‘పార్టీ హౌస్’ గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఈ సంకలనంలో మిగతా ఆటలకు సమయం మిగలనివ్వని ఆట ఇదే. ఇంట్లో విందు ఏర్పాటు చేసి, తలుపు తెరిచి, వచ్చినవారిని ఒక్కొక్కరినే లోపలికి రానివ్వాలి. తర్వాత వచ్చేదెవరో ముందుగా తెలియదు. అతిథుల వల్ల పేరూ డబ్బూ వస్తాయి. పేరుతో కొత్త అతిథులను పరిచయం చేసుకోవచ్చు, డబ్బుతో ఇల్లు పెంచుకోవచ్చు. బాగా పేరు తెచ్చిపెట్టే అతిథుల్లో కొందరు అల్లరివాళ్లు. అల్లరి మూడుకు చేరితే పోలీసులు వచ్చి విందు ఆపేస్తారు. 25 రోజుల్లోగా నలుగురు తారలను ఒకే విందులో చేర్చగలిగితే గెలిచినట్లు. కార్డులను పోగుచేసి కట్ట కట్టుకునే ఆధునిక ఆటల పద్ధతిని ఇది నిస్సంకోచంగా తీసుకుంది, కాబట్టి 1980ల ఆట అనే వేషం ఇక్కడ పూర్తిగా జారిపోతుంది. నాకు దాని గురించి ఫిర్యాదు లేదు.

వింత ప్రయోగాల విషయంలో ‘మూన్‌క్యాట్’, ‘పైలట్ క్వెస్ట్’ చెప్పుకోదగ్గవి. మూన్‌క్యాట్‌లో కంట్రోలర్ ఎడమవైపు ఏ మీట నొక్కినా ఒకే పని, కుడివైపు ఏది నొక్కినా మరో పని. ఆ రెండింటి కలయికతోనే నడవాలి, దూకాలి. ఏళ్ల తరబడి వేళ్లకు అబ్బిన అలవాటు ఇక్కడ ఎందుకూ కొరగాదు. పైలట్ క్వెస్ట్‌లో మనం సంకలనంలోని ఇతర ఆటలు ఆడుతున్నప్పుడు కూడా ముడిసరుకు పోగవుతూనే ఉంటుంది. అంటే ఒక ఆటలో ఓడి విసిగిపోయి మరో ఆటకు మారడం కూడా ఇక్కడ లాభసాటి పనే! బ్యాక్‌లాగ్ ఉన్నవారి చంచలత్వాన్ని నేరంగా చూడకుండా ఉపయోగంలోకి తెచ్చిన ఆటను నేను ఇంతకుముందు చూడలేదు. సముద్రగర్భంలో ఇంధనమే ప్రాణంగా తిరిగే ‘పోర్గీ’, చనిపోయిన ప్రతిసారీ ఆత్మగా మారి తిరిగి బతికేందుకు పాట్లు పడవలసిన ‘రాక్షస’, చిన్నదై పోయి గదిలోని అరల మధ్య కొత్త లోకాలను కనుగొనే ‘మినీ అండ్ మ్యాక్స్’ కూడా నా మెచ్చుకోలు పొందినవే.

లోపాలు లేకపోలేదు. నియమాలను వివరించకపోవడం చాలాచోట్ల ఆకర్షణే అయినా, ‘ఏవియానోస్’ లాంటి స్ట్రాటజీ ఆటల్లో అది శుద్ధ అడ్డంకి. ఏ దేవతను ప్రార్థిస్తే ఏ శక్తి వస్తుందో గ్రహించేలోగా రెండు మూడు యుద్ధాలు చేజారిపోతాయి. చీమల సైన్యాన్ని నడిపించే ‘కంబాటెంట్స్’ చూడటానికి ముచ్చటగా ఉన్నా, చెప్పినమాట వినని సైనికులతో, ఈడ్చినట్లుండే కదలికలతో సహనాన్ని హరిస్తుంది; దానిని ఎవరికీ సిఫారసు చేయలేను. అంకెల దిమ్మెలను నెట్టే ‘బ్లాక్ కోఆలా’ మంచి పజిలే గాని, ఒక స్థాయి దాటాక పట్టువదలనివారికే పరిమితమైపోయింది. అన్నిటికన్నా పెద్ద చిక్కు సేవ్ వ్యవస్థ. ఒక్కో ఆటకు ఒక్కో పద్ధతి. కొన్నింటిలో మధ్యలో బయటికి వస్తే ఆడినదంతా గాలికి పోతుంది. తీరిక ముక్కలు ముక్కలుగా దొరికేవారికి ఇది చిన్న విషయం కాదు. అందుకే, ఆట నడుస్తుండగానే నిద్రావస్థలో ఉంచగలిగే స్విచ్ మీదనో, చేతిలో పట్టుకుని ఆడే కంప్యూటరైన స్టీమ్ డెక్ మీదనో ఆడటం మేలు.

ఇద్దరు కలిసి ఆడుకునే ఆటలు కూడా గణనీయంగానే ఉన్నాయి. ‘బుషిడో బాల్’, ‘హైపర్ కంటెండర్’ లాంటి పోటీ ఆటలు ఒంటరిగా ఆడినప్పుడు చప్పగా తోచి, పక్కన మరొకరు కూర్చోగానే ఊపందుకుంటాయి. పందేలు కాసే ‘క్విబుల్ రేస్’ కూడా ఈ కోవలోదే. వీటిని ఒంటరిగా ఆడి తీర్పు చెప్పడం అన్యాయం.

ఇప్పటికే జాబితా బరువుగా ఉన్నవారు దీనిని ఎలా మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: పేర్ల వరుసను పక్కనపెట్టి, మోర్టోల్, పార్టీ హౌస్, మూన్‌క్యాట్, పోర్గీలలో ఒకదానితో ప్రారంభించి, కానుక అందగానే కొనసాగించాలా వద్దా అని నిర్ణయించుకోవాలి. బంగారం కోసం పట్టుబట్టవలసింది మనసు లాగిన ఆటల్లో మాత్రమే. చెర్రీల జోలికి వెళ్లకపోయినా నష్టమేమీ లేదు; మొత్తం 50 చెర్రీలూ సంపాదించాలనుకునేవారు ఏడాదిపాటు ఇతర ఆటలేవీ కొనకుండా ఉండటం మంచిది. కథ కోసమే ఆటలు ఆడేవారికీ, కఠినత్వం స్థాయిని తగ్గించుకునే సౌకర్యం తప్పనిసరి అనుకునేవారికీ ఈ సంకలనం నచ్చదు. ‘గ్రిమ్‌స్టోన్’, ‘వాల్‌బ్రేస్’ రెండూ మాత్రం పైన చెప్పిన పద్ధతికి లొంగవు. మొదటిది కౌబాయ్‌ల లోకంలో సాగే సుదీర్ఘమైన రోల్ ప్లేయింగ్ (పాత్రలను పెంచుకుంటూ కథలో సాగే) ఆట, రెండోది నేలమాళిగల్లో ఓపిగ్గా తిరగవలసిన ఆట. కానుక దగ్గర ఆపితే వాటి రుచి తెలియదు గనుక, వాటిని యూఎఫ్‌ఓ 50లో భాగంగా కాక రెండు విడి ఆటలుగా లెక్కించి, జాబితాలో వేరుగా రాసుకోవాలి.