పెళ్ళి శుభలేఖల వెనక ఫిజిక్స్: ప్లిక్కర్స్ కార్డులతో ఒక విద్యాసంవత్సరం

"అర్థమైందా?" అని అడిగితే మా క్లాసులో తలలన్నీ ఒక్కసారిగా ఊగుతాయి. కావలిలో డిగ్రీ విద్యార్థులకు 19 ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఆ ఊపును నమ్మి పాఠం ముందుకు నడిపిన రోజులే ఎక్కువ. ఇంటర్నల్ పేపర్లు దిద్దడానికి కూర్చుంటే తప్ప ఆ తలల సంగతి బయటపడేది కాదు. పోయిన విద్యాసంవత్సరం మొదట్లో ఒక శిక్షణ తరగతిలో ప్లిక్కర్స్ కార్డులు చూశాను. ఏడాదంతా వాడాను. కొనాలా వద్దా అని అడుగుతున్న తోటి అధ్యాపకుల కోసం ఇది రాస్తున్నాను. కొనడానికి అసలు ఏమీ లేదు, అచ్చు వేయించుకోవడమే.

వస్తువు చాలా చిన్నది. తెల్ల కాగితం మీద నల్ల గళ్ల బొమ్మ. ఒక్కో కార్డుకు ఒక్కో నంబరు, ఒక్కో ఆకారం. నాలుగు అంచుల దగ్గర ఎ, బి, సి, డి అక్షరాలు ముందు కూర్చున్నవాడికి కూడా కనిపించనంత చిన్నగా ఉంటాయి. ప్రశ్న అడిగాక విద్యార్థి తన జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటాడు. నేను ఫోనులో ప్లిక్కర్స్ యాప్ తెరిచి కెమెరాను క్లాసు మీదుగా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మెల్లగా తిప్పుతాను. ఎవరు ఏమన్నారో ఫోనులో నమోదైపోతుంది. విద్యార్థి చేతిలో ఫోను అక్కరలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. జలదంకి, కలిగిరి వైపు నుంచి మొదటి బస్సుకు వచ్చే పిల్లల్లో అందరి దగ్గరా ఫోను ఉండదు, ఉన్నా అందులో డేటా ఉండదు. పైగా మా కాలేజీలో క్లాసులో ఫోను కనబడితే సాయంత్రం దాకా ఆఫీసు బీరువాలోనే.

మా దగ్గర సాంకేతికత లేక కాదు. ఒక గదిలో గోడంత టచ్ తెర ఉంది. కంపెనీ పేరు ఎందుకులెండి. వచ్చిన మొదటి నెలలోనే దాని పెన్ను పోయింది. ఇప్పుడు దాని మీద స్లైడ్లు వేసి చదువుతున్నాం. బల్ల మీద చదివే నోట్సును గోడ మీద చదవడం తప్ప పిల్లల వైపు నుంచి మారింది ఏమీ లేదు. తెర ఎంత పెద్దదైనా సమాచారం ఒకవైపే నడుస్తుంది, నా నుంచి వాళ్లకు. ఈ కాగితం ముక్క వాళ్ల నుంచి నాకు నడిపిస్తుంది.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. కార్డుల ఫైలు ఉచితంగా దొరుకుతుంది. నేను తీసుకున్నది 63 కార్డుల సెట్టు, పేజీకి రెండు చొప్పున 32 కాగితాలు. ప్రింటుకు 160 రూపాయలు. అంతటితో ఆగకుండా ఏడాదంతా మన్నాలని మెరిసే ల్యామినేషన్ చేయించాను, 640 రూపాయలు. మర్నాడు క్లాసులో ట్యూబులైటు వెలుగు సగం కార్డుల మీద పడి మెరిసింది. తూర్పు కిటికీ పక్క వరుసనైతే ఫోను ఒక్కరిని కూడా గుర్తుపట్టలేదు. మెరుపు లేని ల్యామినేషన్ వాడమని ప్లిక్కర్స్ వాళ్లు ముందే చెబుతారట. చదవకుండా పరుగెత్తింది నేను. 640 రూపాయలు గంగలో కలిశాయి.

మళ్లీ ప్రింటు తీయించి, ఈసారి ఇంట్లో అట్టపెట్టె నిండా ఉన్న పాత పెళ్ళి శుభలేఖల మీద అంటించాను. మందంగా ఉంటాయి, వంగవు, పైసా ఖర్చు లేదు. మూలల్లో పసుపు ఉండిపోయినా కెమెరాకు దాంతో పేచీ లేదు. ఒక అబ్బాయి తన కార్డు వెనక్కి తిప్పి, "మేడమ్, ఇది మా పెద్దనాన్న కూతురి పెళ్ళి" అన్నాడు. క్లాసు పది నిమిషాలు ఆ పెళ్ళి భోజనాల్లోకి వెళ్లిపోయింది.

రెండు వారాలు గడిచాక ఒక వింత గమనించాను. వెనక బెంచీల జవాబులు ముందు బెంచీల జవాబులకు అచ్చుగుద్దినట్టు సరిపోతున్నాయి. గళ్ల బొమ్మలు ఒక్కో కార్డుకు వేరు కాబట్టి పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరకూడదు. చివరి వరుసలో నిలబడి చూస్తే గానీ తెలియలేదు. బొమ్మ ఉన్న వైపు నాకు కనబడుతుంది, శుభలేఖ ఉన్న వైపు వెనకవాళ్లకు కనబడుతుంది. నేను అన్నీ ఒకే పద్ధతిలో, ఎ అక్షరం వైపే వినాయకుడి తల ఉండేలా అంటించాను. ముందున్న తెలివైన పిల్ల చేతిలో వినాయకుడు తలకిందులుగా ఉంటే జవాబు సి, పక్కకు పడుకుంటే బి లేదా డి! కనిపెట్టినవాడిని పట్టుకుని తిట్టబోయి ఆగిపోయాను. వాడు ఆ వారం చేసిన అసలైన పరిశీలన అదే మరి. ఆ రాత్రే కూర్చుని వినాయకుళ్లందరి మీదా పాత క్యాలెండరు కాగితం తెల్లవైపు కనబడేలా అంటించాను.

ఇవన్నీ సర్దుకున్నాక వచ్చిన మొదటి మంచి రోజు గురించి చెప్పాలి. న్యూటన్ మూడో నియమం. చర్యకు సమానంగా, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుందని పదో తరగతి పాసైన ఎవరిని అడిగినా నిద్రలో కూడా చెబుతారు. బోర్డు మీద ప్రశ్న రాశాను: జాతీయ రహదారి మీద రొయ్యల లోడుతో వస్తున్న లారీ, ఆగి ఉన్న ఆటోను గుద్దింది. ఎ, లారీ ఆటో మీద చూపిన బలం ఎక్కువ. బి, ఆటో లారీ మీద చూపిన బలం ఎక్కువ. సి, రెండూ సమానం. డి, ఆటో ఆగి ఉంది కాబట్టి అది బలమే చూపదు.

ఇదే ప్రశ్నను అంతకుముందు ఎన్నో ఏళ్లు చేతులెత్తించి అడిగాను. మొదటి బెంచీలో ఫస్టు వచ్చే అమ్మాయి సి అని చెయ్యి ఎత్తేది, ఆ వెంటే యాభై చేతులు లేచేవి. నేను సంతోషించి తర్వాతి పాఠానికి వెళ్లేదాన్ని. ఆ రోజు హాజరు 57. కార్డుల్లో సి అన్నవాళ్లు 19 మంది. ఎ అన్నవాళ్లు 31, డి అన్నవాళ్లు 7. నియమం కంఠతా వచ్చిన క్లాసులో మూడింట రెండు వంతుల మంది దాన్ని లోపల నమ్మడం లేదు. ఏళ్ల తరబడి నేను చూసినవి చేతులే తప్ప జవాబులు కావని అప్పుడు తెలిసింది.

జవాబు చెప్పకుండా, వేరే జవాబు ఇచ్చినవాళ్లను వెతుక్కుని వాదించుకోండి అన్నాను. ఈ పద్ధతి నాది కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు 1990ల మొదట్లో మొదలుపెట్టారు. కష్టమైన లెక్కలు చకచకా చేసే తన విద్యార్థులు ఇలాంటి మామూలు ప్రశ్నల దగ్గర బోల్తా పడటం చూసి ఆయన ఉపన్యాసం తగ్గించారు. సరైన జవాబు 30 నుంచి 70 శాతం మధ్య వస్తే పిల్లలనే మాట్లాడుకోనివ్వాలి, అంతకంటే తక్కువైతే మళ్లీ వివరించాలి, ఎక్కువైతే ముందుకు సాగాలి అన్నది ఆయన లెక్క. మాది 33 శాతం, గీత దాటిందన్న మాట. లారీ ప్రశ్న వంశం కూడా పాతదే. 1992లో వచ్చిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే ప్రసిద్ధ ప్రశ్నపత్రంలో ఇలాంటి లారీ, కారు ఢీకొంటాయి. నేను రొయ్యలు ఎక్కించానంతే.

అల్లూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి నాన్న లారీ డ్రైవరు. "లారీకి గీత కూడా పడదు, ఆటో నుజ్జయిపోతుంది. సమానం ఎలా అవుతుంది?" అని ఆమె గట్టిగా పట్టుబట్టింది. పక్కనున్న పిల్ల కాసేపు ఆలోచించి, "మా అన్నా నేనూ ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటే పడేది నేనే. అన్న ఎక్కువ తోశాడని కాదు, నేను బక్కగా ఉన్నానని" అంది. ద్రవ్యరాశి, త్వరణం అనే మాటలు ఒక్కటి కూడా లేకుండా నా పాఠం అంతా అందులో ఉంది. ఆ వాదన తెలుగులో జరిగిందన్నది కూడా గమనించాలి. 2021-22 నుంచి మన డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి వచ్చాయి. నేను అడిగితే ఇంగ్లీషులో చెప్పాలేమోనని నోరు విప్పని పిల్లలు పక్కవాళ్లతో మాత్రం తెలుగులో లాయర్లలా వాదిస్తారు. రెండోసారి కార్డులు ఎత్తించాను: సి 43, ఎ 12, డి 2.

అన్ని ప్రశ్నలూ ఇలా పండవు. కదులుతున్న రైల్లో నాణెం పైకి ఎగరేస్తే ఎక్కడ పడుతుంది అని అడిగితే దాదాపు అందరూ చేతిలోనే అన్నారు. రోజూ రైల్లో వచ్చే పిల్లల్ని అది అడిగితే ఇంకేం చెబుతారు? పది నిమిషాలు వృథా. అదే నాణెం, బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీలోంచి చూసే మనిషికి ఏ దారిలో కదిలినట్టు కనిపిస్తుంది అని మార్చి అడిగితే క్లాసు నాలుగు ముక్కలైంది. అది వంపు తిరిగిన పరావలయమని ఒప్పించడానికి పీరియడ్ మొత్తం పట్టింది, పట్టినా బాధ లేదు. ఒక మంచి ప్రశ్న తయారు కావడానికి నాకు గంట పడుతుంది. కార్డులు ఆ పని చేసిపెట్టవు. పాఠ్యపుస్తకంలోని బిట్లు తెచ్చి అడిగితే ఇది పరీక్షల ముందు రోజు వల్లెవేతగా మారిపోతుంది.

రెండో సెమిస్టరులో నేనే ఒక తప్పు చేశాను. కార్డు జవాబులకు ఇంటర్నల్‌లో కొన్ని మార్కులు కలుపుతానని ప్రకటించాను. ఆ వారం నుంచే జవాబులు చెడిపోయాయి. కార్డు ఎత్తేముందు గుసగుసలు, ఎత్తాక తిప్పుకోవడాలు. తప్పు చెప్పడానికి భయం లేని చోటే ఈ పరికరం నిజం చెబుతుంది. మూడు వారాల తర్వాత మార్కులు తీసేశానని చెప్పాను. మునుపటి నిజాయితీ తిరిగి రావడానికి నెల పట్టింది.

41వ నంబరు కార్డు ఒక అమ్మాయిది. మూడో వరుసలో గోడ పక్కన కూర్చుంటుంది. సెమిస్టరంతా ఆమె గొంతు హాజరు పిలిచినప్పుడు తప్ప వినలేదు. ఒక సాయంత్రం పాత ఫలితాలు తిరగేస్తుంటే, క్లాసు సగానికి సగం తప్పిన ప్రశ్నల్లో కూడా ఆ కార్డు మొదటిసారే సరిగ్గా ఉంది. మార్కుల్లో ఆమె మధ్యస్థం, వేగంగా రాయలేదు కాబట్టి. అప్పటి నుంచి వాదన సమయంలో ఇద్దరు ముగ్గుర్ని ఏదో వంకతో ఆ బెంచీకి పంపుతున్నాను. ఎందుకో ఆమెకు చెప్పలేదు, వాళ్లకూ చెప్పలేదు.

వాడాలనుకునేవారికి కొన్ని మాటలు. యాప్‌లో పిల్లల పేర్లు ఎక్కించకండి, రోల్ నంబర్లు చాలు. ప్రశ్నను యాప్‌లో టైపు చేయకుండా బోర్డు మీద రెండు భాషల్లోనూ రాయండి, టైపింగు బాధ తప్పుతుంది. మొదటిసారి వచ్చిన ఫలితాల పట్టీని వెంటనే తెర మీద చూపించకండి. ఎక్కువమంది ఎటు ఉన్నారో తెలిస్తే వాదన చచ్చిపోతుంది. రెండో ఓటు అయ్యాక చూపించండి. అప్పటికీ తేలకపోతే నేను కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ అనే కంప్యూటరు ప్రయోగ నమూనాల్లో ఏదో ఒకటి నడుపుతాను. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పని అది. ముందే దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. మా భవనం వెనక గదుల్లో సిగ్నల్ అందదు కాబట్టి ఇది పెద్ద ఊరట.

కుదరని చోట్లూ ఉన్నాయి. ఒక ప్రశ్నకు నాలుగుకు మించి జవాబు ఎంపికలు ఇవ్వలేం. ఉత్పాదనలు (డెరివేషన్లు), లెక్కలు, ల్యాబ్ పనిలో దీనికి చోటు లేదు. 63 కార్డులే కాబట్టి 66 మంది ఉన్న నా సెక్షనులో అందరూ వచ్చిన రోజు మూడు జంటలు ఒక్కో కార్డు పంచుకుంటాయి. ఒక ప్రశ్న సరిగ్గా నడిపితే 12 నిమిషాలు పోతాయి, పీరియడ్ 50 నిమిషాలే. అందుకే రోజూ కాదు, వారానికి రెండు ప్రశ్నలు. సెమిస్టరు మార్కులు పెరిగాయా అని మా ప్రిన్సిపాల్ గారు అడిగారు. లేదనే చెప్పాను. పరీక్షలో అడిగేది ఉత్పాదనలు కదా. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ కోసం తయారుచేసే ఫైలులో ఐసీటీ (కంప్యూటరు, సమాచార సాంకేతికత) వినియోగం కింద పెట్టడానికి ఫొటోలు మాత్రం ఆయన ఎనిమిది తీయించారు.

అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గిన ఒకటి కార్డులకు కాదు, ప్రశ్నలు రాసే గంటలకు. ఈ ఏడు మరో సెక్షను కూడా నాకే ఇచ్చారు, ఇంకో సెట్టు కావాలి. శ్రావణ మాసం ముహూర్తాలు మొదలయ్యాయి కాబట్టి శుభలేఖలకు కొదవ లేదు. స్టాఫ్ రూములో ఒక అట్టపెట్టె పెట్టి, దాని మీద "మెరిసేవి వద్దు" అని రాశాను.