పిల్లి బొచ్చుకు ‘సహజమైన’ స్ప్రే కొనేవారికి ఒక హెచ్చరిక

స్నానం అంటేనే పారిపోయే పిల్లిని పెంచేవారందరూ ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళు అక్కర్లేని షాంపూ కోసం వెతుకుతారు కాబట్టి, ఆ వెతుకులాటలో నేను చేసిన పొరపాటు మరొకరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

మా పిల్లికి చెవుల వెనుక, ముందుకాళ్ళ సందుల్లో బొచ్చు ఉండలు కట్టింది. ఆన్‌లైన్‌లో చిక్కులు విడదీసే స్ప్రే ఒకటి కనిపించింది. సీసా ముందువైపు కుక్క బొమ్మా పిల్లి బొమ్మా పక్కపక్కనే ఉన్నాయి. నూటికి నూరుపాళ్ళు సహజమనీ, నాకినా ప్రమాదం లేదనీ పెద్ద అక్షరాలతో రాసి ఉంది. వెనుకవైపు చీమ తలకాయంత అక్షరాలలో టీ ట్రీ ఆయిల్ (ఒక చెట్టు ఆకుల నుంచి తీసే ఘాటైన నూనె) పేరు ఉన్న సంగతి మాత్రం వాడిన తర్వాతే చూశాను, అది నా తప్పే.

చిక్కులు బాగానే విడిపోయాయి, అబద్ధం ఎందుకు. అయితే మూడు గంటలు గడిచేసరికి గడ్డం కింద చొంగ తీగలా సాగుతోంది. రోజూ అవలీలగా ఎక్కే కుర్చీ మీదికి దూకబోయి, అంచు అందక జారిపడి, లేచి నడవబోతే వెనుక కాళ్ళు ఒకదానికొకటి తగులుకున్నాయి. సీసాను వెంట తీసుకువెళ్ళడం వల్ల పశువైద్యుడు కారణాన్ని వెంటనే పోల్చుకున్నారు. ఇలాంటి నూనెలలోని పదార్థాలను విరిచి బయటికి పంపే ఒక ప్రక్రియ పిల్లి కాలేయంలో చాలా బలహీనంగా ఉంటుందనీ, మనకు మామూలైన పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీయడానికీ కారణం అదేననీ వివరించారు. చర్మం గుండా లోపలికి వెళ్ళేది ఒక ఎత్తయితే, ఒళ్ళు నాక్కోవడం వల్ల నోటి ద్వారా వెళ్ళేది మరొక ఎత్తు. లక్షణాలు సాధారణంగా 2 నుంచి 12 గంటలలోపు బయటపడతాయట. తగ్గడానికి ఒక్కోసారి 3 రోజులు పడుతుందట. మా పిల్లి రెండో రోజుకు కోలుకుంది.

అమ్మినవారికి ఫిర్యాదు చేస్తే, సహజమైన సరుకు హాని చేయదనీ, మూత తీసిన సీసాను వెనక్కి తీసుకోబోమనీ జవాబిచ్చారు. గన్నేరు కూడా సహజమైనదే కదా!

కాబట్టి పెంపుడు జంతువులన్నిటికీ అని రాసి ఉన్న ఏ సీసానైనా ముందు వెనక్కి తిప్పి చదవండి. టీ ట్రీ ఆయిల్ కనిపిస్తే వదిలేయండి. పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్న కుక్కల పిడుదుల మందు ఇంకా ప్రమాదకరం, అది పిల్లికి చుక్క కూడా తగలకూడదు. ఉండలను కత్తెరతో కోయవద్దు, పిల్లి చర్మం పలుచన కాబట్టి బొచ్చుతోపాటు పైకి లేచి తెగుతుంది. ఇలాంటి స్ప్రే ఇప్పటికే కొట్టి ఉంటే, పిల్లి నాక్కోకుండా తువ్వాలులో చుట్టి పట్టుకుని పశువైద్యుడికి ఫోన్ చేయండి. ఆయన కడగమంటే గోరువెచ్చని నీటిలో కొద్దిగా గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కడిగి, ఒళ్ళు చల్లబడకుండా పూర్తిగా ఆరబెట్టి, ఆ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.