చంటిబిడ్డ, కుక్క, పిల్లితో అంత దూరం: కారా, విమానమా?

దేశం ఈ చివర నుంచి ఆ చివరకి కాపురం మార్చాలంటే సామాను ఎలాగూ లారీలో పోతుంది, అసలు టెన్షన్ అంతా ఈ ముగ్గురి గురించే. విమానమైతే కొన్ని గంటల్లో పనైపోతుంది. పాపాయికి చెవులు నొప్పెట్టకుండా విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ పాలు పడితే చాలు. చిక్కల్లా కుక్కతోనే: కాస్త పెద్దదైతే కార్గోలో వెయ్యాలి, పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కువాటికి ఊపిరాడని ప్రమాదం ఉందని చాలా ఎయిర్‌లైన్స్ అసలు తీసుకోవు. నిద్రమందు వేసి పంపేద్దాం అనుకోకండి, పశువైద్యులే వద్దంటారు.

కారులో అందరూ కళ్లముందే ఉంటారు గానీ రోజులు పడుతుంది. చంటిబిడ్డని కార్ సీటులో ఏకబిగిన 2 గంటలకి మించి ఉంచకూడదు కాబట్టి మ్యాప్ చూపించే టైమ్‌ని నమ్మొద్దు. డైపర్ మార్చి, కుక్కని కాస్త నడిపించి, బెల్టులు పెట్టి బయల్దేరేసరికి మళ్లీ పాలవేళ అవుతుంది! పిల్లిని మాత్రం బుట్టలోంచి తీయకండి, తలుపు సందులోంచి దూకిందంటే ఇక దొరకదు. ఎండలో ఆపిన కారులో ఎవరినీ వదలొద్దు, 10 నిమిషాల్లోనే లోపల వేడి దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది.

పిల్లి ఒక్కటే అయితే నేను విమానమే అంటాను. పెద్ద కుక్క ఉంటే ఒకరు పాపతో విమానంలో, ఇంకొకరు కుక్కతో కారులో. ఎవరు ఏదన్నది మీరే తేల్చుకోండి, ఆ గొడవలోకి నేను రాను.