గేదెకు బీమా ఎప్పుడు గిట్టుబాటవుతుంది

పాడి పశువుల బీమాను మనుషుల ఆరోగ్య బీమాలాంటిదే అనుకుని కొన్నవాళ్లే తర్వాత దాన్ని ఎక్కువగా తిట్టుకుంటారు. ఇది వైద్యం ఖర్చు ఇవ్వదు. పొదుగువాపుకు వేలకు వేలు మందులకే పోసినా, మాయ పడక డాక్టరు మూడుసార్లు వచ్చి వెళ్లినా కంపెనీకి పట్టదు. పశువు చస్తేనే డబ్బు. పట్నంలో కుక్కలకు అమ్మే పాలసీల్లో ఆపరేషన్ ఖర్చు, ఆస్పత్రి ఖర్చు ఉంటాయి గానీ గేదెకు ఆ వైభోగం లేదు. కాబట్టి చూడాల్సింది ఒక్కటే: చావు ముప్పుకు మనం కడుతున్న ధర సరైనదేనా?

సబ్సిడీ లేకుండా కంపెనీ దగ్గర నేరుగా కొంటే ఏడాది ప్రీమియం బీమా మొత్తంలో 4 శాతం అనుకుందాం. 80,000 రూపాయల గేదెకు 3,200. ఐదు గేదెలకు ఏడాదికి 16,000, ఐదేళ్లకు 80,000. అంటే ఐదు గేదెల కొట్టంలో ఐదేళ్లకొకటి చస్తేనే లెక్క సమానం. టీకాలు వేయించి, పిడుదుల మందు కొట్టించి, కొట్టం పొడిగా ఉంచేవాళ్లకు అంత నష్టం మామూలుగా రాదు. అయినా ఉన్నది ఒకటో రెండో గేదెలైతే ఈ లెక్క పనికిరాదు. పాతికేళ్లకొకసారి వచ్చే చావు ఈ ఏడాదే వస్తే ఆ ఇంటికి పాల డబ్బు ఆగిపోతుంది, వాయిదాలు మాత్రం ఆగవు. ఒకటి రెండు గేదెలున్నవాళ్లు పూర్తి ప్రీమియం కట్టయినా చేయించుకోవాలి. ఇరవై పశువుల డెయిరీ మాత్రం అదే 4 శాతాన్ని విడిగా బ్యాంకులో వేసుకుంటే మేలు. అప్పు ఇచ్చిన బ్యాంకు బీమా తప్పనిసరి అంటే ఆ వెసులుబాటు ఉండదు, పైగా క్లెయిమ్ డబ్బు ముందు అప్పు ఖాతాకే పోతుంది.

సబ్సిడీ దొరికితే మాత్రం ఈ తర్జనభర్జన అక్కర్లేదు. పశుపోషణకు కేంద్రం నడిపే నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గిస్తూ కేంద్ర కేబినెట్ 2024 ఫిబ్రవరిలో నిర్ణయించింది. మిగతాది కేంద్రం, రాష్ట్రం 60:40గా భరిస్తాయి. పై లెక్కలో 3,200కి బదులు చేతి నుంచి పడేది 480. ఆ ధరకు వద్దనడం తెలివి కాదు. చిక్కల్లా రాష్ట్రం తన వాటా విడుదల చేసినప్పుడే ఈ బీమా నడవడం. అందుకే పశువుల ఆస్పత్రిలో అడగాల్సింది "పథకం ఉందా" అని కాదు, "ఈ నెలలో పాలసీలు రాస్తున్నారా" అని.

విలువ కట్టే దగ్గర చాలామంది నష్టపోతారు. మిషన్ మార్గదర్శకాల ప్రకారం రోజుకు ఇచ్చే పాలలో లీటరుకు ఆవుకైతే కనీసం 3,000, గేదెకైతే 4,000 చొప్పున, లేదా స్థానిక సంత ధర ప్రకారం లెక్కగడతారు. ఎనిమిది లీటర్ల గేదెకు కనీస లెక్కన వచ్చేది 32,000. ఆ ధరకు అలాంటి ముర్రా జాతి గేదె సంతలో దొరకదు. రైతు, డాక్టరు, ఏజెంటు ముగ్గురూ కలిసి నిర్ణయించాల్సిన విలువ అది, కాబట్టి అక్కడే నోరు విప్పాలి. అలాగని ఎక్కువ రాయించినా లాభం లేదు. పాలసీ బాండు మీది మొత్తం, జబ్బు చేయకముందు సంతలో పలికే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు.

వయసు కూడా చూస్తారు. మామూలు పాలసీల్లో పాడి ఆవుకు 2 నుంచి 10 ఏళ్లు, గేదెకు 3 నుంచి 12 ఏళ్లు. మొదటి 15 రోజుల్లో వచ్చిన జబ్బుతో చస్తే పైసా రాదు. రెన్యువల్ గడువు దాటితే ఆ 15 రోజులు మళ్లీ మొదలవుతాయి. ఏటా గుర్తుపెట్టుకునే ఓపిక లేనివాళ్లకు మూడేళ్ల పాలసీయే నయం. గాలికుంటు, గురకవ్యాధి, జబ్బవాపులకు టీకా వేసిన రుజువు అడుగుతారు, ఆ కార్డు పారేయొద్దు. దొంగతనం, తప్పిపోవడం, నిర్లక్ష్యం, నాటువైద్యం వికటించడం, ఇవేవీ లెక్కలోకి రావు.

అదనపు ప్రీమియంతో శాశ్వత వైకల్యానికీ రక్షణ తీసుకోవచ్చు. పశువు ఇక చూడి కట్టదనో పాలివ్వదనో తేలితే బీమా మొత్తంలో 75 శాతం ఇస్తారు. వినడానికి బాగుంటుంది. పొదుగువాపుతో ఒక చన్ను ఎండిపోతే మాత్రం అది "శాశ్వత, సంపూర్ణ" వైకల్యం కాదు, మిగతా మూడూ పాలిస్తున్నాయి కదా అంటారు. కొట్టంలో ఎక్కువగా జరిగే నష్టం అదే. తిరగపొర్లే, అంటే ఎన్నిసార్లు ఎదకొచ్చినా చూడి నిలవని, సంకర ఆవులున్నవాళ్లు ఆలోచించవచ్చు, మిగతావాళ్లకు ఈ అదనం దండగ.

ఇక చెవిపోగు, అంటే పశువును గుర్తుపట్టడానికి చెవికి వేసే నంబరు బిళ్ల. పోగు లేకపోతే క్లెయిమ్ లేదు, దీనికి మినహాయింపు అడిగినా దొరకదు. పన్నెండంకెల నంబరు బాండు మీద సరిగ్గా పడిందో లేదో కాగితం చేతికొచ్చిన రోజే పోల్చుకోవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా చచ్చింది మీ గేదె కాదంటారు. గాటి కొయ్యకు రాసుకునో, కంపకు తగులుకునో పోగు ఊడిపోతే వెంటనే కొత్తది వేయించి ఆ నంబరును పాలసీలో ఎక్కించాలి. పోగు వేయడం ఒక పని, కంపెనీకి తెలియజేయడం ఇంకో పని. రెండోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

పశువు చచ్చిన రోజు పనుల వరుస తప్పకూడదు. ముందు కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోవాలి, వెంటనే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో కూడా పంపాలి. తర్వాత పశువైద్యుడికి చెప్పాలి. ఎండాకాలంలో గేదె కళేబరం గంటల్లోనే ఉబ్బిపోతుంది, ఆలస్యమైతే పోస్టుమార్టంలో కారణం తేలదు. పోగు చెవికి ఉండగానే నంబరు చదవగలిగేలా దగ్గరి నుంచి ఒక ఫొటో, యజమానితో పూర్తి కళేబరం ఒక ఫొటో తీయాలి. చర్మం ఒలిచేవాళ్లను అప్పటిదాకా రానివ్వొద్దు. పోగు తీశాక పారేయకుండా క్లెయిమ్ ఫారం, పోస్టుమార్టం రిపోర్టు, బాండు, పాస్‌బుక్ నకలుతో కలిపి ఇవ్వాలి. మిషన్ పాలసీల్లో కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలన్నది నియమం. అందుకే కాగితాలు ఇచ్చిన తేదీతో రసీదు తీసుకోవాలి.

కారణం రాసే మాట కూడా ముఖ్యమే. వాన లేక వాడిన లేత జొన్న మేసి చచ్చిన గేదెకు రిపోర్టులో "విషం" అని మాత్రమే రాస్తే, ఎవరు పెట్టారన్న ప్రశ్న లేచి క్లెయిమ్ ఆగుతుంది. ఏ మేత, ఎప్పుడు మేసింది, ఎంతసేపట్లో పడిపోయింది అన్నవి డాక్టరుకు చెప్పి రాయించాలి. కరెంటు తీగ తగిలితే పోలీసు, విద్యుత్ శాఖ కాగితాలు అదనం.

పశువు ఉన్నట్టుండి చచ్చి ముక్కు నుంచో ఆసనం నుంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే దొమ్మ రోగమని అనుమానించాలి. అలాంటి కళేబరాన్ని కోయకూడదు. కోస్తే సూక్ష్మక్రిములు గాలి తగిలి గట్టి రూపంలోకి మారి ఏళ్ల తరబడి నేలలో నిలిచి ఉంటాయి, మనుషులకూ సోకుతుంది. డాక్టరు చెవి నరం నుంచి నెత్తురు చుక్క తీసి గాజు పలక మీద పరీక్షిస్తారు. పోస్టుమార్టం ఎందుకు చేయలేదో ఆయన చేత రాతపూర్వకంగా తీసుకుని, పూడ్చేముందు సున్నం చల్లిన లోతైన గుంతకూ ఒక ఫొటో తీసి క్లెయిమ్ కాగితాలకు జతచేయాలి.