జాగ్రత్త: ‘లీడు 40 రూపాయలే’ అనే ప్యాకేజీలు

కడియం, కడియపులంక నర్సరీల వాళ్లకి, ఆత్రేయపురం పూతరేకుల వాళ్లకి, నరసాపురం లేసు అమ్మేవాళ్లకి, కోనసీమ నుంచి సరుకు ఊళ్లకి పంపేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. ‘నెలకి 500 లీడ్లు గ్యారంటీ, లీడు 40 రూపాయలే, మూడు నెలల డబ్బు ముందే కట్టాలి’ అని ఫేస్‌బుక్, గూగుల్ యాడ్లు నడిపే ఏజెన్సీవాళ్లు ఎవరైనా ప్యాకేజీ తెస్తే వెంటనే సంతకం పెట్టేయకండి. లీడంటే యాడ్ చూసి వివరాలు పంపినవాళ్ల ఫోన్ నంబరు. అన్నట్టుగానే 500 నంబర్లూ చేతిలో పెడతారు. తిరకాసంతా ఆ 40లోనే ఉందండి.

లెక్క వేసి చూడండి. యాడ్లకి 20,000 పెట్టారనుకుందాం, 500తో భాగిస్తే 40. ఏజెన్సీ చూపించే కాగితం అక్కడితో ఆగిపోతుంది. కానీ యాడ్ల మీద 18 శాతం జీఎస్టీ 3,600. వాళ్ల ఫీజు 15,000, దాని మీద జీఎస్టీ 2,700. ఆ నంబర్లన్నిటికీ ఫోన్లు చేసే అమ్మాయి జీతం 6,000. మొత్తం 47,300 మీ జేబులోంచి పోయింది. 500లో ఫోనెత్తినవాళ్లు 200 మంది, సరుకు అందుకుని డబ్బిచ్చినవాళ్లు 40 మంది అనుకోండి. వాళ్ల నంబర్లు బిల్లు పుస్తకంతో పోల్చి చూస్తే 12 మంది పాతవాళ్లే అని తేలింది. మిగిలింది 28. అంటే కొత్త కస్టమరు ఒక్కొక్కరికీ 1,689 రూపాయలు పడింది. క్యాష్ ఆన్ డెలివరీలో తిరిగొచ్చిన పెట్టెల రానుపోను కొరియరు ఇందులో కలపనేలేదు.

600 రూపాయల పూతరేకుల ఆర్డరులో నెయ్యి, బెల్లం, కూలి, పెట్టె, కొరియరు పోగా 180 మిగిలితే, ఆ మనిషి పదిసార్లు కొంటే గానీ గిట్టదు. అదే 1,689కి ఒక లేఅవుట్ కాంట్రాక్టరు దొరికి 60,000 రూపాయల మొక్కలు లారీకెత్తించుకుంటే నర్సరీకి పండగే. కాబట్టి లీడు రేటు చూసి ప్యాకేజీ కొనడమంటే డొక్క తూచి కొబ్బరికాయ కొన్నట్టే.

జీఎస్టీ సంగతి చాలామంది వదిలేస్తారు. మొక్కల మీద జీఎస్టీ లేదు, అందుకని నర్సరీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నదాని మీద కట్టిన జీఎస్టీని సర్దుబాటు చేసుకోవడం) రాదు. కాంపొజిషన్‌లో (అమ్మకాల మీద కొద్ది శాతం కట్టే చిన్న వ్యాపారుల పద్ధతి) ఉన్న మిఠాయి కొట్టుకీ రాదు. ఆ 18 శాతం నికరంగా ఖర్చే. రెగ్యులర్‌లో ఉన్నవాళ్లకైనా బిల్లు మీద తమ జీఎస్టీ నంబరు ఉండి, అది జీఎస్టీ పోర్టల్‌లో నెలనెలా వచ్చే క్రెడిట్ పట్టిక జీఎస్టీఆర్-2బీలో కనబడాలి.

నంబర్లు ఎందుకు పనికిరాకుండా పోతాయంటే, యాడ్ నొక్కగానే తెరుచుకునే ఫేస్‌బుక్ ఇన్‌స్టంట్ ఫారం పేరూ ఫోన్ నంబరూ ప్రొఫైల్‌లోంచి తనే నింపేస్తుంది. ఎప్పుడో మార్చేసిన నంబరు కూడా వచ్చేస్తుంది. వేలు తగిలినా లీడే. ఫారంలో ‘మోర్ వాల్యూమ్’ బదులు ‘హయ్యర్ ఇంటెంట్’ పెడితే పంపేముందు ఒకసారి సరిచూసుకోమంటుంది. ఎన్ని మొక్కలు కావాలి, ఏ ఊరికి అని రెండు ప్రశ్నలు జోడిస్తే లీడ్లు తగ్గుతాయి, పనికొచ్చేవి మిగులుతాయి. లీడ్ల లెక్క మీద డబ్బు తీసుకునే ఏజెన్సీ ఇది తనంతట తాను చేయదు. ఫేస్‌బుక్ యాడ్లు నడిపే యాడ్స్ మేనేజర్‌లో ప్లేస్‌మెంట్ (యాడ్ కనబడిన చోటు) వారీగా విడదీసి చూడండి. ఆడియన్స్ నెట్‌వర్క్‌లోకి, అంటే ఆటల్లాంటి బయటి యాప్‌ల్లోకి, ఎంత పోయిందో బయటపడుతుంది.

గూగుల్‌లో ఇంకో కథ. లొకేషన్ సెట్టింగు మామూలుగా ‘ప్రెజెన్స్ ఆర్ ఇంట్రెస్ట్’ (ఆ ఊళ్లో ఉన్నవాళ్లూ, ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లూ) మీద ఉంటుంది, దాన్ని ‘ప్రెజెన్స్’కి (ఆ ఊళ్లో ఉన్నవాళ్లే) మార్చాలి. సెర్చ్ క్యాంపెయిన్‌లో డిస్‌ప్లే నెట్‌వర్క్ (బయటి సైట్లలో, యాప్‌ల్లో యాడ్ చూపించేది) టిక్కు తీసేయాలి. ఏం వెతికినవాళ్లకి మీ యాడ్ కనబడిందో చెప్పే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు వారానికోసారి తెరిపించండి. ‘పూతరేకులు ఎలా చేస్తారు’ అని వెతికేవాడు వంటింట్లో ఉన్నాడు, మీ కొట్టుకి రాడు. ‘కడియం నర్సరీ ఫొటోషూట్’ వెతికేవాళ్లు మొక్క కొనరు. ఎలా, రెసిపీ, ఫొటోషూట్, ఉద్యోగాలు, ఇవన్నీ నెగెటివ్ కీవర్డ్స్‌లో (ఈ మాటలు వెతికితే యాడ్ చూపించొద్దని ఇచ్చే జాబితా) పడాలి. మీ కొట్టు పేరే టైపు చేసి వచ్చినవాణ్ణి కూడా ఏజెన్సీవాళ్లు తమ ఖాతాలో వేసుకుంటారు. వాడు యాడ్ లేకపోయినా వచ్చేవాడే.

అన్నిటికన్నా చేటు చేసేది అకౌంటు వాళ్ల పేరున ఉండటం. యాడ్ అకౌంటు, పేజీ, పిక్సెల్ (మీ వెబ్‌సైటుకి వచ్చినవాళ్లని లెక్కపెట్టే కోడు), గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అన్నీ మెటాలో (ఫేస్‌బుక్ కంపెనీ) మీ బిజినెస్ పోర్ట్‌ఫోలియో అనే ఖాతాలోనో, మీ మెయిల్‌తోనో ఉండాలి. ఏజెన్సీని పార్ట్‌నర్‌గా మాత్రమే చేర్చండి. కార్డు మీది, మెటా బిల్లు మీ పేరున రావాలి. లేకపోతే 20,000 యాడ్లకని తీసుకుని అందులో ఎంత నిజంగా ఖర్చుపెట్టారో మీకు తెలిసే దారే ఉండదు. పీడీఎఫ్‌లు, స్క్రీన్‌షాట్లు నమ్మకండి, తేదీలు ఎంచుకుని తీసినవై ఉండొచ్చు. లాగిన్ చేసి ‘అమౌంట్ స్పెంట్’ మీరే చూడాలి.

ఒప్పందంలో లీడంటే ఏమిటో రాయించండి: నంబరు మోగాలి, మనం పంపే ఊరై ఉండాలి, మన సరుకే అడగాలి. అలా లేనిదానికి బదులు ఇంకో లీడు ఇవ్వాలి. నెలనెలా కడతామనండి. వ్యాపారం కోసం కొన్న సేవకి వినియోగదారుల కమిషన్ దగ్గర సాధారణంగా దారి ఉండదు, సొంతంగా పనిచేసి పొట్టపోసుకునేవాళ్లకే 2019 చట్టంలో మినహాయింపు. అందుకే ఆ కాగితం గట్టిగా ఉండాలి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ముందు ఏజెన్సీతో గొడవ పెట్టుకోకండి. మెటాలో లీడ్లు 90 రోజులే దొరుకుతాయి, ముందు అవి దించుకోండి. పేజీకి ఫుల్ కంట్రోల్ మీకుందో లేదో చూసుకోండి, లేకపోతే ఏదో పని చెప్పి ఇప్పించుకోండి. వాళ్లని తీసేయడం ఆ తర్వాతే.