లివర్‌మోర్ వైన్ టేస్టింగ్: ఆరేళ్లు తిరిగాక

మేముండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. ఆరేళ్లుగా ఏడాదికి రెండు మూడుసార్లు వైన్ రుచి చూడ్డానికి దగ్గర్లోని లివర్‌మోర్ వెళ్తున్నాం. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా, వైన్‌కి పేరున్న నాపా అడుగుతారు. నాపా అందమే వేరు, కాదనను. కానీ పొద్దున బయల్దేరి రాత్రికి ఇంట్లో అన్నం తినాలంటే నా ఓటు లివర్‌మోర్‌కే. ముప్పావుగంటలో టెస్లా రోడ్డెక్కితే రెండు పక్కలా ద్రాక్షతోటలే. (ఆ పేరు కార్ల కంపెనీది కాదు, ఒకప్పుడు అటువైపున్న బొగ్గు గనుల ఊరిది.) ఇక్కడి పాత వైనరీలు (వైన్ తయారుచేసే చోట్లు) వెంటీ, కాన్‌కానన్ రెండూ 1883లో పుట్టినవే.

మొదటిసారి అత్యాశకి పోయి ఒకే రోజు నాలుగు చోట్లకి వెళ్లాం. మూడో చోటికే నాలుక మొద్దుబారిపోయింది, ఏది తాగినా ఒకటే రుచి. ఇంటికొచ్చి లెక్కేశాను. ఒక్కో రకం సుమారు 30 మి.లీ. పోస్తారు. ఐదు రకాలంటే 150, అంటే నిండు గ్లాసు. నాలుగు చోట్లకి 600. సీసాలో ఉండేదే 750! అప్పట్నుంచి రెండే చోట్లు, మధ్యలో కడుపునిండా భోజనం. బండి నడిపేవాళ్లు చుక్క ముట్టరు. మేమిద్దరం వంతులేసుకుంటాం.

ఇక్కడ తప్పకుండా రుచి చూడాల్సింది పెటీట్ సిరా అనే నల్లద్రాక్షతో చేసే వైన్. పండు చిన్నది, రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ. రంగూ వగరూ వచ్చేది ఆ తొక్కలోంచే. కౌంటర్ దగ్గరివాళ్లు 'టానిన్' అన్నప్పుడల్లా బుర్రూపేదాన్ని కానీ, గుటకేశాక చిగుళ్లు పట్టేసినట్టయి నాలుక ఊదారంగుకి తిరిగాకే అర్థమైంది. నేరేడు పళ్లు తిన్నాక ఉండే వగరే ఇది.

మా నాన్న మందు ముట్టరు. అయినా మాతో వచ్చిన రోజు బాగా ఆనందించింది ఆయనే. మేడ్చల్ వైపు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు చూసిన మనిషి కదా, "పందిరి లేదేంటమ్మా, కంచెకి పాకించారు?" అంటూ సాళ్ల మధ్యే గంటసేపు తిరిగారు. సెప్టెంబరులో వెళ్తే కోత కూడా చూడొచ్చు.

నచ్చనిదీ ఉంది. ఒకచోట శనివారం మధ్యాహ్నం ముందే బుక్ చేసుకుని వెళ్లినా అరగంట నిలబెట్టారు. తర్వాత ఐదు గ్లాసులూ ఒకేసారి తెచ్చిపెట్టి వెళ్లిపోయారు. ఏది ఏ ద్రాక్షో చెప్పే దిక్కే లేదు. రుచి చూపించడమంటే పోసి పోవడం కాదు కదా! ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నాలే వెళ్తున్నాం. జనం తక్కువ, పోసేవాళ్లు ఓపిగ్గా మాట్లాడతారు.

ఇంకో సంగతి, కొన్న సీసాల గురించి. ఓ జులైలో భోజనానికి ఆగి రెండు సీసాలు డిక్కీలో వదిలేశాం. బయట 38 డిగ్రీలు దాటిన ఎండ. వచ్చి చూస్తే ఒకదాని బిరడా పైకి తన్నుకొచ్చి అంచునుంచి వైను కారుతోంది. ఇంట్లో తెరిస్తే ఉడికిన పళ్ల వాసన. మంచి సీసా అది, ఇప్పటికీ బాధే. వేసవిలో ఐస్ పెట్టె లేకుండా ఇక బయల్దేరడం లేదు.